వేరేవాళ్ల సాఫ్ట్‌వేర్, మన సెట్టింగులు: కాన్ఫిగరేషన్ ఆప్షన్లను వాడేవాళ్లకు అర్థమయ్యేలా రాయడానికి సమగ్ర మార్గదర్శి

ఒక వెబ్ అప్లికేషన్‌లో 5 ఎంబీల పీడీఎఫ్ ఎక్కించబోతే 413 ఎర్రర్ (పంపినది మరీ పెద్దదని అర్థం) వచ్చింది. వెతికితే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లో 'క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్' డిఫాల్ట్ 1 ఎంబీ అని తేలింది. దాన్ని పెంచారు. 413 పోయింది కానీ ఫైలు ఎక్కలేదు. పీహెచ్‌పీలో 'అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్' డిఫాల్ట్ 2 ఎంబీ. అదీ పెంచారు. ఆ ఫైలు ఎక్కింది. మర్నాడు ఒకరు రెండు ఫైళ్లు కలిపి 9 ఎంబీలు పంపితే ఫారమ్ మొత్తం ఖాళీగా చేరింది, పేరు గడి కూడా లేదు. ఎందుకంటే 'పోస్ట్ మ్యాక్స్ సైజ్' డిఫాల్ట్ 8 ఎంబీ.

ఈ మూడు ఆప్షన్ల గురించీ వాటి అధికారిక పత్రాల్లో తప్పు లేకుండానే రాసి ఉంది. కానీ మన దగ్గర ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి గడపల్లా ఉన్నాయని ఏ ప్రాజెక్టు పత్రమూ చెప్పదు, చెప్పలేదు కూడా. మనం రాయాల్సింది సరిగ్గా అదే. మూల పత్రాన్ని తెలుగులోకో సులభమైన ఇంగ్లీషులోకో తిరగరాస్తే కొత్త వెర్షన్ రాగానే పాతబడే ఇంకో ప్రతి తయారవుతుంది, అంతే.

ఉదాహరణకు ఎన్‌జిన్‌ఎక్స్, పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం (వెబ్‌సైటు కోసం పీహెచ్‌పీ కోడ్‌ను నడిపేది), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), రెడిస్ (డేటాను మెమరీలో ఉంచే స్టోర్) కలిసి నడిచే సర్వర్‌ను తీసుకుందాం. ఈ వ్యాసంలో ఆప్షన్ల పేర్లు చదవడానికి వీలుగా తెలుగు లిపిలో, విడి మాటలుగా ఉన్నాయి. మీ పత్రంలో మాత్రం అసలు స్పెల్లింగుతో, అండర్‌స్కోర్లతో సహా, అక్షరం పొల్లుపోకుండా రాయాలి.

1. ఏవి రాయాలో ముందు తేల్చుకోండి

పోస్ట్‌గ్రెస్ ఒక్కదానిలోనే సెట్టింగులు మూడు వందలకు పైన ఉంటాయి. అన్నీ రాయబోతే పని పూర్తికాదు, రాసినా ఎవరూ చదవరు. ఈ నాలుగు జల్లెళ్లలో ఒకదానిలోనైనా నిలిచినవే రాయండి:

- డిఫాల్ట్ నుంచి మనం మార్చినవి.
- ఇన్‌స్టాల్ చేసే ప్రతివాళ్లూ తమ చోటుకు తగ్గట్టు తప్పక నింపాల్సినవి: డొమైన్ పేరు, డేటాబేస్ అడ్రసు, పాస్‌వర్డ్ వంటివి.
- మనం మార్చకపోయినా, డిఫాల్ట్‌లో ఉంటే ఏదో ఒక రోజు దెబ్బకొట్టేవి. రెడిస్‌లో 'మ్యాక్స్ మెమరీ' ఇలాంటిదే. 64 బిట్ సిస్టమ్‌లో దాని డిఫాల్ట్ 0, అంటే హద్దు లేదు.
- చెయ్యి పెట్టకూడనివి. పోస్ట్‌గ్రెస్‌లో 'ఎఫ్‌సింక్' (రాసినది డిస్క్‌కు చేరేలా చూసేది) ఆపేస్తే వేగం పెరుగుతుందని ఎవరో ఒకరు ఎప్పుడో చదివి ఉంటారు. కరెంటు పోయినప్పుడు డేటాబేస్ పాడైపోవచ్చని మన పత్రంలో కనబడితేనే వాళ్ల చెయ్యి ఆగుతుంది.

జాబితా ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు ముప్పై దాటితే మళ్లీ జల్లించండి. 'ఎందుకైనా మంచిదని' చేర్చినవి అందులో చాలా ఉంటాయి.

2. విలువలను నడుస్తున్న సర్వర్ నుంచి తీయండి

కాన్ఫిగ్ ఫైలు తెరిచి చూసి రాయడం అందరూ చేసే పొరపాటు. ఫైలులో ఉన్నదీ, సర్వర్ వాడుతున్నదీ ఒకటే కానక్కర్లేదు. ఎవరో ఫైలు మార్చి రీలోడ్ (సర్వర్‌ను ఆపకుండా ఫైలును మళ్లీ చదివించడం) చేయడం మరిచిపోయి ఉండవచ్చు. అదే ఆప్షన్ ఇంకో ఫైలులో కూడా ఉండవచ్చు.

పోస్ట్‌గ్రెస్‌లో ఈ పని తేలిక. 'పీజీ సెట్టింగ్స్' అనే వ్యూలో ఒక్కో సెట్టింగుకు ఒక్కో వరుస ఉంటుంది. అందులో 'సోర్స్' కాలమ్ డిఫాల్ట్ కానివాటిని మాత్రం తీస్తే మీ జాబితాలో సగం తయారైనట్టే. ఆ విలువ ఏ ఫైలులో ఏ లైను నుంచి వచ్చిందో 'సోర్స్‌ఫైల్', 'సోర్స్‌లైన్' కాలమ్‌లు చెబుతాయి. మామూలు యూజర్‌కు ఇవి ఖాళీగా కనబడతాయి కాబట్టి సూపర్‌యూజర్‌గా, లేదా సెట్టింగులన్నీ చదివే అనుమతి ఉన్న రోల్‌తో చూడాలి. 'పెండింగ్ రీస్టార్ట్' కాలమ్‌లో నిజం అని ఉంటే ఫైలు మారింది, సర్వర్ ఇంకా పాత విలువతోనే ఉంది అని అర్థం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ వ్యూలో 'షేర్డ్ బఫర్స్' విలువ 16384 అని కనబడుతుంది, పక్కన యూనిట్ కాలమ్‌లో 8 కేబీ అని ఉంటుంది. రెండూ గుణిస్తే 128 ఎంబీ. యూనిట్ వదిలేసి 16384 అని పత్రంలో ఎక్కిస్తే, చదివినవాళ్లు అది ఎంబీలనో కేబీలనో ఊహించుకుంటారు. 'షో' కమాండ్ ఇచ్చే రూపం మనుషులకు పనికొచ్చేది. దాన్నే రాయండి.

ఎన్‌జిన్‌ఎక్స్‌కు పెద్ద టీ ఆప్షన్ ఇచ్చి నడిపితే, ఇన్‌క్లూడ్ అయిన ఫైళ్లన్నిటినీ కలిపి ఒకేచోట చూపిస్తుంది. చాలా ఉపయోగం. అయితే అది చూపించేది డిస్క్ మీద ఉన్నదాన్ని, నడుస్తున్న ప్రాసెస్‌లో ఉన్నదాన్ని కాదు. అందుకే ముందు రీలోడ్ చేసి, తర్వాత ఆ జాబితా తీయండి.

పీహెచ్‌పీ దగ్గర చాలామంది బోల్తాపడతారు. టెర్మినల్‌లో పీహెచ్‌పీకి చిన్న ఐ ఆప్షన్ ఇచ్చి చూసిన విలువలు కమాండ్ లైన్‌వి. వెబ్‌సైటును నడిపే ఎఫ్‌పీఎంవి కావు. డెబియన్, ఉబుంటులలో ఈ రెంటికీ వేరువేరు ఇనీ ఫైళ్లు ఉంటాయి. డెబియన్ కమాండ్ లైన్ ఫైలులో 'మెమరీ లిమిట్' మైనస్ 1, అంటే హద్దు లేదు. ఎఫ్‌పీఎంలో అదే 128 ఎంబీ. కాబట్టి ఎఫ్‌పీఎం ద్వారా 'పీహెచ్‌పీ ఇన్ఫో' పేజీ ఒకటి నడిపి, విలువలు రాసుకుని, వెంటనే ఆ పేజీ తీసేయండి. అది బయట కనబడుతూ ఉండిపోతే సర్వర్ గుట్టంతా బజార్న పెట్టినట్టే.

రెడిస్‌లో 'కాన్ఫిగ్ గెట్' కమాండ్‌కు నక్షత్రం గుర్తు ఇస్తే అన్నీ వస్తాయి, పాస్‌వర్డ్ కూడా, మామూలు అక్షరాల్లోనే. పత్రంలో అతికించే ముందు 'రిక్వైర్‌పాస్' వరుస తుడిచారో లేదో చూసుకోండి. పోస్ట్‌గ్రెస్ రెప్లికాలో (ప్రధాన సర్వర్ అయిన ప్రైమరీకి నకలుగా నడిచే సర్వర్) 'ప్రైమరీ కనెక్షన్ ఇన్ఫో' వరుసకూ ఇదే జాగ్రత్త.

3. డిఫాల్ట్ ఒకటి కాదు, మూడు

'డిఫాల్ట్ ఇంత' అని రాసేటప్పుడు ఎవరి డిఫాల్ట్ అన్న ప్రశ్న వేసుకోండి. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు పెట్టినది ఒకటి. దాన్ని ప్యాకేజీగా కట్టిన డిస్ట్రిబ్యూషనో డాకర్ ఇమేజో పెట్టినది రెండోది. మన ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ పెట్టేది మూడోది. పోస్ట్‌గ్రెస్‌లో 'లిజన్ అడ్రసెస్' మూల డిఫాల్ట్ లోకల్‌హోస్ట్. అధికారిక డాకర్ ఇమేజ్‌లో అది నక్షత్రం, అంటే అన్ని అడ్రసులూ. 'డిఫాల్ట్‌గా బయటి కనెక్షన్లు రావు' అని మన పత్రంలో ఉంటే డాకర్ వాడేవాళ్ల విషయంలో అది అబద్ధం.

కాబట్టి మూడు గడులు పెట్టండి: మూల డిఫాల్ట్, మన ప్యాకేజీలో వచ్చేది, మన సిఫారసు. మొదటిదాని పక్కన వెర్షన్ నెంబరు తప్పనిసరి. 'పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్' డిఫాల్ట్ పోస్ట్‌గ్రెస్ 13 వరకు ఎండీ5, 14 నుంచి స్క్రామ్ షా 256. వెర్షన్ రాయని డిఫాల్ట్‌ను నమ్మి పాత క్లయింట్ లైబ్రరీతో కనెక్ట్ కాబోయినవాళ్లు గంటల తరబడి పాస్‌వర్డే తప్పనుకుంటారు.

ఫైళ్లు ఉండే చోటూ ఇంతే. పోస్ట్‌గ్రెస్ కాన్ఫిగ్ డెబియన్ కుటుంబంలో ఈటీసీ కింద వెర్షన్ పేరున్న ఫోల్డర్‌లో ఉంటుంది, రెడ్‌హ్యాట్ కుటుంబంలో డేటా ఫోల్డర్‌లోనే ఉంటుంది. రెంటినీ ఒకే వాక్యంలో ఇరికించకుండా, వాడేవాళ్లు తమ ఫైలు ఎక్కడుందో తామే కనుక్కునే కమాండ్ ఇవ్వండి. పోస్ట్‌గ్రెస్‌లో 'షో కాన్ఫిగ్ ఫైల్' అంటే చాలు.

4. ఒక్కో ఆప్షన్‌కు ఏమేం రాయాలి

పేరు, అది ఏం చేస్తుందో ఒక్క వాక్యం, మూడు డిఫాల్టులు. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. తర్వాత వచ్చేవే అసలు గడులు.

*యూనిట్.* ఒకే 'ఎం' అక్షరం ఎన్‌జిన్‌ఎక్స్‌లో సైజు దగ్గర ఎంబీ, సమయం దగ్గర నిమిషం. సమయం దగ్గర పెద్ద ఎం రాస్తే నెల! పోస్ట్‌గ్రెస్‌లో నిమిషానికి 'మిన్' అనే రాయాలి, ఒంటి ఎం చెల్లదు. యూనిట్ లేకుండా అంకె మాత్రం ఇస్తే పోస్ట్‌గ్రెస్‌లో ఆప్షన్‌ను బట్టి అర్థం మారుతుంది: 'వర్క్ మెమ్' దగ్గర కేబీలు, 'షేర్డ్ బఫర్స్' దగ్గర 8 కేబీల బ్లాకులు. రెడిస్‌లో 1జీ అంటే వంద కోట్ల బైట్లు, 1జీబీ అంటే 107,37,41,824 బైట్లు. ఒక్క 'బీ' తేడా ఏడు కోట్ల బైట్ల పైచిలుకు.

పీహెచ్‌పీది ఇంకా విచిత్రం. 8ఎం అని రాస్తే 8 ఎంబీ. కొందరు స్పష్టంగా ఉంటుందని 8ఎంబీ అని రాస్తారు. చివరి అక్షరం 'బీ' దానికి తెలియదు, అందుకని దాన్ని 8 బైట్లుగా తీసుకుంటుంది. 8.2 వెర్షన్ నుంచి హెచ్చరిక ఇస్తుంది, అంతకు ముందు ఆ మాటా చెప్పేది కాదు. కాబట్టి 'విలువ: సైజు' అని రాసి ఊరుకోకండి. చెల్లే రూపం ఒకటి, చెల్లని రూపం ఒకటి పక్కపక్కన చూపండి.

*ప్రత్యేక విలువలు.* సున్నా అంటే ఏమిటో ప్రతిచోటా విడిగా చెప్పాలి. ఎన్‌జిన్‌ఎక్స్ 'క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్'కు 0 ఇస్తే తనిఖీయే ఉండదు. పోస్ట్‌గ్రెస్ 'స్టేట్‌మెంట్ టైమ్‌అవుట్'కు 0 అంటే గడువు లేదు. అదే పోస్ట్‌గ్రెస్‌లో 'లాగ్ మిన్ డ్యూరేషన్ స్టేట్‌మెంట్'కు 0 అంటే ప్రతి క్వెరీనీ లాగ్‌లో రాయమని, ఆపాలంటే మైనస్ 1. ఆపుదామని 0 పెట్టినవాళ్ల డిస్క్ లాగులతో నిండిపోతుంది. దానికి పూర్తి వ్యతిరేకమైన పని చేశామని అప్పటిదాకా వాళ్లకు తెలియదు.

*ఎప్పుడు అమల్లోకి వస్తుంది.* పోస్ట్‌గ్రెస్‌లో 'పీజీ సెట్టింగ్స్' వ్యూలోని 'కాంటెక్స్ట్' కాలమ్ దీనికి జవాబు. 'పోస్ట్‌మాస్టర్' అని ఉంటే రీస్టార్ట్ కావాలి ('మ్యాక్స్ కనెక్షన్స్', 'షేర్డ్ బఫర్స్' ఈ కోవవి), 'సిగ్‌హప్' అయితే రీలోడ్ చాలు, 'యూజర్' అయితే ఆ సెషన్‌లోనే మార్చుకోవచ్చు. ఈ ఇంగ్లీషు మాటలను పత్రంలో దించేయకుండా 'రీస్టార్ట్ కావాలి, అప్పుడు అందరి కనెక్షన్లూ తెగుతాయి' అని ఫలితాన్ని రాయండి. రెప్లికా ఉంటే ఇంకో వాక్యం చేర్చండి: 'మ్యాక్స్ కనెక్షన్స్' పెంచేటప్పుడు ముందు రెప్లికాలో, తర్వాత ప్రైమరీలో పెంచాలి. తగ్గించేటప్పుడు వరుస తిరగబడుతుంది. రెప్లికాలో విలువ ప్రైమరీ కన్నా తక్కువ ఉండకూడదు.

ఎన్‌జిన్‌ఎక్స్ రీలోడ్ వెంటనే జరిగినట్టు కనిపిస్తుంది. కానీ అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లను పాత వర్కర్లు పాత సెట్టింగులతోనే చివరిదాకా నడుపుతాయి. వెబ్‌సాకెట్లు వాడే అప్లికేషన్‌లో ఇది గంటలు పట్టవచ్చు. రెడిస్‌లో 'కాన్ఫిగ్ సెట్' అప్పటికప్పుడు పనిచేస్తుంది, రీస్టార్ట్‌తో మాయమవుతుంది. నిలవాలంటే 'కాన్ఫిగ్ రీరైట్' ఇవ్వాలి. కాన్ఫిగ్ ఫైలు లేకుండా మొదలైన రెడిస్‌లో, డాకర్‌లో మామూలుగా ఉండేది అదే, ఆ కమాండ్ ఎర్రర్ ఇస్తుంది. పీహెచ్‌పీ ఫోల్డర్లలో పెట్టే 'యూజర్ ఇనీ' ఫైలు మార్పు కనబడటానికి డిఫాల్ట్‌గా 300 సెకన్ల దాకా పడుతుంది. ఆ అయిదు నిమిషాల్లో 'పనిచేయలేదు' అనుకుని ఇంకో నాలుగు చోట్ల మార్చేసేవాళ్లే ఎక్కువ.

అన్నిటికన్నా ఎక్కువమంది తల పట్టుకునేది పోస్ట్‌గ్రెస్ డాకర్ ఇమేజ్‌లో పాస్‌వర్డ్ వేరియబుల్ దగ్గర. డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే అది పనిచేస్తుంది. తర్వాత దాన్ని మార్చి కంటైనర్‌ను వందసార్లు రీస్టార్ట్ చేసినా పాస్‌వర్డ్ మారదు, డేటాబేస్ లోపలే మార్చాలి. ఇలాంటి 'మొదటిసారి మాత్రమే' ఆప్షన్లకు పత్రంలో విడి గుర్తు పెట్టండి.

*దీన్ని ఏది కొట్టేస్తుంది.* పోస్ట్‌గ్రెస్‌లో ప్రధాన ఫైలు మీద 'ఆల్టర్ సిస్టమ్' కమాండ్ రాసే ఆటో ఫైలు గెలుస్తుంది. దాని మీద సర్వర్ మొదలుపెట్టేటప్పుడు కమాండ్ లైన్‌లో ఇచ్చినది గెలుస్తుంది. సెషన్ స్థాయి ఆప్షన్లకైతే వీటి మీద ఆ డేటాబేస్‌కు పెట్టినది, దాని మీద ఆ రోల్‌కు పెట్టినది, చివరికి సెషన్‌లో ఇచ్చినది. ఒకే ఫైలులో ఒకే ఆప్షన్ రెండుసార్లుంటే కింది లైనుదే చెల్లుబాటు. పీహెచ్‌పీ ఎఫ్‌పీఎంలో పూల్ ఫైలులోని అడ్మిన్ విలువ ఇనీ ఫైలును తోసేస్తుంది, అప్లికేషన్ కోడ్ నుంచి కూడా మారదు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో 'యాడ్ హెడర్' సంగతి వేరు: పై స్థాయిలో అయిదు హెడర్లు పెట్టి, కింద లొకేషన్ బ్లాక్‌లో ఒక్కటి కొత్తగా చేర్చితే, మామూలుగా పై అయిదూ ఆ లొకేషన్‌కు రావు. భద్రత హెడర్లు ఒక్క పేజీలోనే కనబడకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

*పనిచేస్తోందని తెలిసేదెలా, తప్పితే ఏం కనబడుతుంది.* మార్చిన ప్రతి ఆప్షన్‌కు సరిచూసే కమాండ్ ఒకటి, తప్పు విలువ ఉంటే లాగ్‌లో కనబడే వాక్యం ఒకటి రాయండి. పేరులో అక్షరం తప్పితే ఎన్‌జిన్‌ఎక్స్ తన టెస్ట్‌లోనే పట్టేస్తుంది. రెడిస్ అసలు మొదలు కాదు. పోస్ట్‌గ్రెస్ కూడా మామూలు పేరు తెలియకపోతే మొదలు కానంటుంది. పీహెచ్‌పీ మాత్రం ఇనీ ఫైలులో తెలియని పేరును చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. అందుకే పీహెచ్‌పీ ఆప్షన్లకు ఈ గడి ఖాళీగా వదలకండి.

5. ఒక నమూనా

ఎలా రాయాలో చెప్పడం కన్నా రాసి చూపడం మేలు. పోస్ట్‌గ్రెస్ 'వర్క్ మెమ్'కు ఎంట్రీ ఇలా ఉండవచ్చు:

పేరు: 'వర్క్ మెమ్'. పోస్ట్‌గ్రెస్ 16తో సరిచూసినది.
ఏం చేస్తుంది: ఒక సార్ట్ లేదా హ్యాష్ పని డిస్క్‌కు పోయే ముందు వాడుకోగల మెమరీ. ఇది కనెక్షన్‌కు లెక్క కాదు, పనికి లెక్క. ఒకే క్వెరీలో ఇలాంటి పనులు మూడు నాలుగు ఉండవచ్చు, ప్యారలల్ వర్కర్లు ఎవరి వాటా వారు తీసుకుంటారు.
మూల డిఫాల్ట్: 4 ఎంబీ. ప్యాకేజీలో: అదే. మన సిఫారసు: 8 జీబీ ర్యామ్, 100 కనెక్షన్లు ఉన్న సర్వర్‌లో 16 ఎంబీ.
ఎందుకు 16: వంద కనెక్షన్లూ ఒకేసారి రెండేసి సార్ట్‌లు చేస్తే 100 × 2 × 16 = 3200 ఎంబీ. 'షేర్డ్ బఫర్స్'కు 2 జీబీ పోను ఇది ఇముడుతుంది. హ్యాష్ పనులకు 'హ్యాష్ మెమ్ మల్టిప్లయర్' 15వ వెర్షన్ నుంచి 2.0 కాబట్టి వాటికి 32 ఎంబీ దాకా పోతుంది. అందుకే 64 పెట్టవద్దు.
యూనిట్: ఎంబీ అని తప్పక రాయాలి. ఊరికే అంకె ఇస్తే కేబీలు.
అమలు: రీలోడ్ చాలు. ఒక్క నివేదిక కోసమైతే ఫైలు ముట్టుకోకుండా, ట్రాన్సాక్షన్ లోపల 'సెట్ లోకల్'తో పెంచుకోండి. ట్రాన్సాక్షన్ అయ్యాక దానంతటదే పాత విలువకు వస్తుంది.
కొట్టేసేవి: ఆటో ఫైలు, డేటాబేస్ లేదా రోల్ స్థాయి సెట్టింగు.
తక్కువైతే: 'ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్'లో సార్ట్ పద్ధతి దగ్గర 'ఎక్స్‌టర్నల్ మెర్జ్', పక్కన డిస్క్ అని కనబడుతుంది.
ఎక్కువైతే: మెమరీ అయిపోయి కెర్నల్ ఒక పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌ను చంపుతుంది. అప్పుడు పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నిటినీ తెంపి, కోలుకునే పని మొదలుపెడుతుంది. వాడేవాళ్లకు అది 'డేటాబేస్ తనంతట తానే రీస్టార్ట్ అయింది' అన్నట్టు కనబడుతుంది.

ఇందులో విలువైన వరుస 'ఎందుకు 16'. రేపు సర్వర్‌కు 32 జీబీ ర్యామ్ వచ్చినప్పుడు ఆ లెక్క ఉంటేనే విలువ మార్చే ధైర్యం ఎవరికైనా వస్తుంది. లెక్క రాయని 16 శిలాశాసనం అయిపోతుంది.

6. గొలుసులను ఒకచోట రాయండి

ఒక్కో ఆప్షన్ ఎంట్రీ ఎంత బాగున్నా, వాడేవాళ్లు ఆప్షన్ పేరుతో రారు, ఇబ్బందితో వస్తారు. అందుకని ఆప్షన్ల జాబితాకు ముందు ఇబ్బందుల పేజీ పెట్టండి. మొదట్లో చెప్పిన అప్‌లోడ్ గొలుసు 20 ఎంబీ ఫైలుకు ఇలా ఉంటుంది: పీహెచ్‌పీ 'అప్‌లోడ్ మ్యాక్స్ ఫైల్‌సైజ్' 20, 'పోస్ట్ మ్యాక్స్ సైజ్' 24, ఎన్‌జిన్‌ఎక్స్ హద్దు 25. లోపలి నుంచి బయటికి పెరుగుతూ పోవాలి, ఫారమ్‌లో ఫైలుతో పాటు మిగతా గడులూ వస్తాయి కదా. ఎక్కడ ఆగిందో గుర్తుపట్టే ఆనవాళ్లు: ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గర ఆగితే 413, ఎర్రర్ లాగ్‌లో క్లయింట్ మరీ పెద్ద బాడీ పంపబోయిందన్న వాక్యం. 'పోస్ట్ మ్యాక్స్ సైజ్' దగ్గర ఆగితే ఫారమ్ పూర్తిగా ఖాళీ. ఫైలు హద్దు దగ్గర ఆగితే మిగతా గడులు వస్తాయి, ఫైలుకు మాత్రం ఎర్రర్ కోడ్ 1.

టైమ్‌అవుట్ల గొలుసు ఇంకా మోసకారి. ఎఫ్‌పీఎంతో మాట్లాడేటప్పుడు ఎన్‌జిన్‌ఎక్స్‌లో పనిచేసేది 'ఫాస్ట్ సీజీఐ రీడ్ టైమ్‌అవుట్'. 'ప్రాక్సీ రీడ్ టైమ్‌అవుట్' పెంచితే ఇక్కడ ఏమీ మారదు. రెండిటి డిఫాల్టూ 60 సెకన్లే కావడంతో కలిపేసుకుంటారు. ఆ 60 మొత్తం జవాబుకు కాదు, రెండు రీడ్‌ల మధ్య ఖాళీకి. పీహెచ్‌పీ 'మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్' డిఫాల్ట్ 30 సెకన్లు, కానీ లినక్స్‌లో అది స్క్రిప్ట్ తాను పనిచేసిన సమయాన్నే లెక్కిస్తుంది, డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూసినదాన్ని కాదు. ఇప్పుడు 70 సెకన్ల క్వెరీ ఒకటి నడిచిందనుకోండి. 30 దగ్గర పీహెచ్‌పీ ఆపదు. 60 దగ్గర ఎన్‌జిన్‌ఎక్స్ 504 ఎర్రర్ (గడువులో జవాబు రాలేదు) ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో 'స్టేట్‌మెంట్ టైమ్‌అవుట్' 0 కాబట్టి క్వెరీ నడుస్తూనే ఉంటుంది. 504 చూసిన మనిషి రిఫ్రెష్ నొక్కుతాడు, రెండో క్వెరీ మొదలవుతుంది. పది మంది నొక్కితే డేటాబేస్ కూలబడుతుంది. ఇక్కడా లోపలి హద్దే ముందు తగలాలి: 'స్టేట్‌మెంట్ టైమ్‌అవుట్' 50 సెకన్లు, ఎఫ్‌పీఎం 'రిక్వెస్ట్ టెర్మినేట్ టైమ్‌అవుట్' 55, ఎన్‌జిన్‌ఎక్స్ 60. పోస్ట్‌గ్రెస్ గడువును సర్వర్ మొత్తానికి కాకుండా అప్లికేషన్ రోల్‌కు మాత్రమే పెట్టండి, లేకపోతే రాత్రి నడిచే పెద్ద నివేదికలు కూడా 50 సెకన్ల దగ్గర ఆగిపోతాయి.

7. తెలుగులో రాసేటప్పుడు

వివరణ తెలుగులో, పేర్లూ ఎర్రర్ వాక్యాలూ మూలంలో ఉన్నట్టే. లాగ్‌లో కనబడిన వాక్యాన్నే వాడేవాళ్లు వెతుకుతారు, దాన్ని అనువదిస్తే దొరకదు. రీస్టార్ట్‌ను 'పునఃప్రారంభం' చేయనక్కర్లేదు, ఎవరూ ఆ మాట అనరు.

విభక్తులను ఆప్షన్ పేరుకు అతికించకండి. పేరు చివర 'ని', 'కి' చేర్చి రాస్తే కాపీ చేసేవాళ్లకు అదీ వస్తుంది. 'ఈ ఆప్షన్‌ను' అని విడిగా రాయండి. తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాత అక్షరం కలవకుండా వాడే కంటికి కనబడని నాన్ జాయినర్ ఒకటి ఉంది. అది కమాండ్‌లోకి దూరితే లైను చూడటానికి సరిగ్గానే ఉంటుంది, పనిచేయదు. కమాండ్లను తెలుగు కీబోర్డుతో టైపు చేయకుండా టెర్మినల్ నుంచే తెచ్చి కోడ్ బ్లాక్‌లో పెట్టండి. వర్డ్ ప్రాసెసర్ వంకర కోట్‌లుగా, పొడుగు గీతలుగా మార్చేసే బెడద కూడా దీంతో తప్పుతుంది.

బైట్లలో చెప్పే హద్దులను తెలుగు లెక్కలోకి మార్చి రాయడం మూల పత్రాలు ఎప్పుడూ చేయని సాయం. యూటీఎఫ్ 8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. గుణింతానికీ వత్తుకూ విడి సంకేతాలు. 'క్ష్మి' అంటే ఆరు సంకేతాలు. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు హద్దు 255 బైట్లు, అంటే 85 తెలుగు సంకేతాలు. అర్జీ శీర్షికనే ఫైలు పేరుగా పెట్టేవాళ్లకు ఇది ఇట్టే తగులుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్, కాలమ్ పేర్లకు 63 బైట్లు, అంటే 21 సంకేతాలు. దాటితే మిగతాది కత్తిరిస్తుంది. యూఆర్ఎల్‌లో ఒక్కో తెలుగు సంకేతం తొమ్మిది క్యారెక్టర్లవుతుంది, ఎన్‌జిన్‌ఎక్స్ 'లార్జ్ క్లయింట్ హెడర్ బఫర్స్' డిఫాల్ట్ 8 కేబీలో దాదాపు 900 సంకేతాలకే 414 ఎర్రర్ (యూఆర్ఎల్ మరీ పొడవు) వస్తుంది. మైఎస్‌క్యూఎల్ వాడేచోట పాత 'యూటీఎఫ్8' క్యారెక్టర్ సెట్ తెలుగుకు సరిపోతుంది, ఎమోజీకి 4 బైట్లు కాబట్టి సరిపోదు. 'తెలుగు పరీక్షించాం, బాగుంది' అన్న తర్వాత బయటపడే లోపం ఇది.

8. సరిచూడటం, వెర్షన్ మారినప్పుడు

రాసినవాళ్లు కాకుండా ఇంకొకరు, ఖాళీ వర్చువల్ మెషీన్ మీద, పత్రం తప్ప ఇంకేమీ అడగకుండా మొదటి నుంచి చేసి చూడాలి. వాళ్లు ఆగి అడిగిన ప్రతి ప్రశ్నా పత్రంలో లేని ఒక వాక్యం. జవాబు నోటితో చెప్పకండి, అక్కడే రాయండి.

అప్‌గ్రేడ్‌కు ముందు పాత, కొత్త వెర్షన్లను పక్కపక్కన పెట్టి పోస్ట్‌గ్రెస్ 'పీజీ సెట్టింగ్స్'లోని పేరు, 'బూట్ వాల్' కాలమ్‌లను ఫైళ్లలోకి తీసి డిఫ్ (తేడాలు చూపే పోలిక) చేయండి. కొత్త ఆప్షన్లు, పోయినవి, డిఫాల్ట్ మారినవి పది నిమిషాల్లో తేలతాయి. తీసేసిన ఆప్షన్ ఫైలులో మిగిలిపోతే కొత్త సర్వర్ మొదలే కాదు. 9.5లో 'చెక్‌పాయింట్ సెగ్మెంట్స్' పోయి 'మ్యాక్స్ వాల్ సైజ్' వచ్చినప్పుడు జరిగింది ఇదే. 12లో రికవరీ కాన్ఫ్ ఫైలు పోయాక, ఆ ఫైలు డేటా ఫోల్డర్‌లో ఉంటే చాలు సర్వర్ లేవదు. మామూలు 'పీజీ అప్‌గ్రేడ్' పాత కాన్ఫిగ్‌ను కొత్త క్లస్టర్‌కు తీసుకురాదు, డెబియన్ వారి 'పీజీ అప్‌గ్రేడ్ క్లస్టర్' తెస్తుంది. మీ పత్రం ఏ పద్ధతి గురించి చెబుతోందో ఆ అడుగు దగ్గరే రాయండి.

పోయిన ఆప్షన్ల ఎంట్రీలను తుడిచేయకండి. పేరు ఉంచి, ఏ వెర్షన్‌లో పోయింది, దాని బదులు ఏది, పాత విలువను కొత్తదానిలోకి ఎలా మార్చాలి అన్న మూడు ముక్కలు మిగల్చండి. అయిదేళ్ల కిందటి కాన్ఫిగ్ ఫైలు పట్టుకుని వచ్చేవాళ్లు ఆ పాత పేరుతోనే వెతుకుతారు.